తిన్నవా? ఏం కూర?

ధ్యాన భాగములు: యోహాను 18:15–18; 21:1–14



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇద్దరు ఎదురుపడినప్పుడు మొదట వచ్చునది ప్రశ్నయే. "తిన్నవా? ఏం కూర?" బస్సులో ప్రక్కన కూర్చున్న క్రొత్త మనిషిని కూడ ఏ ఊరు, ఎవరింటికి, పిల్లలెందరు అని అడుగక మానము. 2016 అక్టోబరు 11న ఈ మూడును వేరువేరు జిల్లాలైనవి గాని, ఈ ప్రశ్నలు మాత్రము మూడింటను నేటికిని ఒక్కటే.

వీటిని ఊసుపోని మాటలని త్రోసివేయరాదు. యాకోబు హారాను ప్రాంతపు బావియొద్ద గొఱ్ఱెల కాపరులను మొదట అడిగినది మీరెక్కడివారని. ఆ తరువాత, లాబాను క్షేమముగా నున్నాడా అని. అదే యాకోబు ముసలివాడై ఐగుప్తుకు పోయినప్పుడు ఫరో అతని వయస్సు అడిగెను. నూట ముప్పది యేండ్లని చెప్పి ఊరకుండవచ్చును. అతడట్లు ఊరకుండక, తన దినములు కొద్దివనియు, శ్రమతో నిండినవనియు రాజు ఎదుటనే చెప్పెను. ఫిలిష్తీయుల దండు బేత్లెహేములో నున్న కాలమున దావీదునకు ఆ ఊరి గవినియొద్ద బావి నీళ్లు త్రాగవలెనను ఆశ పుట్టెను. ఒక బావి నీళ్ల రుచిని గూర్చిన జ్ఞాపకమును లేఖనము అల్పమని విడిచిపెట్టలేదు. పూనేలో ఇటుకలు మోయు మన పాలమూరి బిడ్డకు తన చేని గట్టు సీతాఫలము జ్ఞాపకము వచ్చినట్లే అది. అయితే జ్ఞాపకము మోసము కూడ చేయును సుమా! ఇశ్రాయేలీయులు అరణ్యములో ఐగుప్తు చేపలను, కీరకాయలను, ఉల్లిగడ్డలను తలచుకొని యేడ్చిరి. నోటికి రుచి జ్ఞాపకమున్నది. వీపునకు కొరడా జ్ఞాపకము లేదు.

ఇక మా తప్పిదము ఒకటి చెప్పుకొనవలసియున్నది. వనపర్తి దిక్కున ఒక పల్లెలో గృహ దర్శనమునకు పోయి, ఒక అవ్వ గడపయొద్ద నిలిచి, "తిన్నవా అవ్వా? ఏం కూర?" అని అడిగితిమి. "తిన్న అయ్యగారూ, పప్పు జేసిన" అనెను. ఆమె భోజనము నిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లించి, ఇంకను ఆరేడు ఇండ్లు ఉన్నవని తొందరపడి సాగిపోతిమి. వీధి చివరకు వచ్చునప్పటికి ప్రక్కింటి పిల్ల చెప్పెను: ఆ యింట పొయ్యి రాజి రెండు దినములైనది, కొడుకు మేస్త్రీ వెంబడి కూలికి పోయినాడు, పైకము రాలేదు. మేము లేని పప్పు కొరకు ప్రార్థన చేసి వచ్చితిమి!

ఆమె అబద్ధమాడెనని మనము త్వరపడి తీర్పు తీర్చవద్దు. గడపలో నిలువబడి అడిగినవానికి గడపలో చెప్పదగిన జవాబే దొరకును. మరియు "ఏం కూర?" అను ప్రశ్నకు వేరొక ముఖమున్నదని మన సంఘములలోని పెద్దలకు తెలియును. అంటరానితనము నేరమని 1955లో చట్టము వచ్చినను, చాయ్ హోటలులో వేరుగా పెట్టిన గ్లాసులో త్రాగినవారు మనలో ఉన్నారు. అద్దె యింటికి పోయినప్పుడు "మీరేం తింటరు?" అని అడుగువాడు కూరను గూర్చి అడుగుట లేదు, కులమును గూర్చి అడుగుచున్నాడు. అట్టి ప్రశ్నలకు తలవంచి బ్రతికినవారు మంచి మనస్సుతో అడిగిన దానికి కూడ వెనుకాడుదురు. ప్రభువు సమరయ స్త్రీతో మాటలాడినప్పుడు ఆమెయు వెనుకాడెను. యూదుడు నన్నడుగుట యేమని ఆశ్చర్యపడెను. ఆయనయైతే ఆమె కులమును అడుగలేదు. దప్పిగొని, ఆమె కుండలోని నీళ్లనే అడిగెను.

పేతురు సంగతి చూడుడి. ప్రధానయాజకుని ముంగిట చలికాచుకొనుచుండగా వాకిట కావలియున్న చిన్నది అడిగినది పెద్ద ప్రశ్న కాదు: నీవును ఆ మనుష్యుని శిష్యులలో ఒకడవు గదా అని. కాదనెను. గలిలయ యాస అతనిని పట్టియిచ్చెనని మత్తయి వ్రాయుచున్నాడు. హైదరాబాదులో పని దొరికిన మన నడిగడ్డ పిల్లలు "ఏ ఊరు?" అనగానే మాట తీరు మార్చుకొనుట మేము చూచియున్నాము. వారిని చూచి నవ్వుకొంటిమి గూడ. నవ్వదగిన సంగతి కాదు.

తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డు. రాత్రియంతయు వల వేసిన ఏడుగురికి ఒక్క చేపయు చిక్కలేదు. తెల్లవారగా ఒడ్డున నిలిచిన యొకడు తినుటకేమైన ఉన్నదా అని అడిగెను. మన పల్లె ప్రశ్నయే! చేపలు పట్టుటయే వృత్తిగా గలవారికి ఇది సిగ్గు పుట్టించు ప్రశ్న. "ఏవో కొన్ని పడినవి" అని తప్పించుకొనవచ్చును. వారు లేదనిరి, అంతే. అప్పుడే కుడి ప్రక్కను వల వేయుమను మాట వచ్చెను, నూట ఏబదిమూడు చేపలు వచ్చెను. అయితే వారు ఒడ్డునకు చేరునప్పటికే నిప్పుల మీద చేపయు రొట్టెయు సిద్ధముగా ఉండెను. అడిగినవాడు తనకు లేక అడుగలేదు. పేతురు కాదని చెప్పినది బొగ్గుల మంటయొద్ద. ఆయన వానికి వడ్డించినదియు బొగ్గుల మంటయొద్దనే. ఆ మంటకు యోహాను వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనయంతటిలో ఈ రెండు చోట్లనే కనబడుచున్నది.

ఆ దినమున పిల్ల మాట విని, ఒక విశ్వాసి యింటినుండి జొన్నపిండి పంపించితిమి గాని, సిగ్గుచేత మేము మరల ఆ గడప త్రొక్కలేదు. మరుసటి నెలలో పోయితిమి. ఈసారి గడపలో నిలువక, లోపల చాప మీద కూర్చుంటిమి. ఏమి తింటివని అడుగలేదు. "అవ్వా, చిన్నప్పుడు మీ తల్లిగారింట్ల నీకేం ఇష్టముండె?" అని అడిగితిమి. ఆమె మొదట నవ్వెను. పిమ్మట కృష్ణ యొడ్డున తన పుట్టిన ఊరు, పుంటికూర, ఎల్లిపాయ కారము పూసిన జొన్నరొట్టె, పల్లికాయ పీకు దినములలో చేనిలోనే కాల్చుకొని తిన్న పల్లీలు, తల్లి చెయ్యి చివరిసారి ఎప్పుడు పట్టుకొనెనో అన్నియు చెప్పుకొనుచు వచ్చెను. ప్రొద్దు వాలెను. మేము పోవలసిన ఇండ్లు ఆ దినము అట్లే మిగిలిపోయినవి.

చెప్పి చెప్పి ఆమె కొంతసేపు ఊరకుండెను. తరువాత కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఇయ్యాల గూడ పొయ్యి ముట్టియ్యలే అయ్యగారూ" అనెను.