గాదె లేని కోట

పెన్నానది కొండను చీల్చుకొని పాఱుచోట గండికోట కలదు. చూడవచ్చువారు లోయను, బురుజులను చూచి యాశ్చర్యపడుదురు. మాధవరాయస్వామి గుడిని, జుమ్మా మసీదును దర్శింతురు. మసీదు చెంతనున్న ధాన్యాగారముకడ చాలసేపు నిలుచువారు తక్కువ. కోట కట్టినవారి వివేకము మాకచ్చటనే యెక్కువగా గోచరించినది. గోడ యెంత యెత్తైనను లోపల గింజలు లేనిచో కోట నిలువదని వారెఱుగుదురు.

నేడు మనము కట్టు వైద్యాలయములకీ వివేకము కలదా? మైదానప్రాంతములలో 30,000 జనులకొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, 5,000 మందికొక ఉపకేంద్రము ఉండవలెనని నియమము. గోడలు లేపుట సులభము. వానిలో రాత్రి మేలుకొనియుండు నర్సు, కాంపౌండరు, వైద్యుడు దొరకుటయే దుర్లభము.

ఈ కొఱత క్రొత్తది కాదు. దేశమున సుమారు 6,000 మందికొక వైద్యుడును, 43,000 మందికొక నర్సును మాత్రమే కలరని 1946లో భోర్ సంఘము నివేదించెను. స్వల్పకాలపు చదువుతో వైద్యులను తయారుచేయు పద్ధతిని మాని, వైద్యులందఱికిని ఒకే పట్టముండవలెనని యా సంఘము సూచించెను. సభ్యులలో కొందఱు సమ్మతింపలేదు. పల్లెకు తక్కువ చదివినవాడు చాలుననుట న్యాయము కాదు. కాని పూర్తిగా చదివినవాడు రాకున్న నేమి గతి యను ప్రశ్న మిగిలినది.

పిమ్మట 1957లో కర్నూలున, 2006లో కడపలో వైద్యకళాశాలలు వెలసినవి. 2005లో 108 వాహనములు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినవి. ఒకప్పుడు నొప్పిని విధియని యోర్చినవారు నేడు చికిత్సను హక్కుగా నడుగుచున్నారు. ఇది మేలే. అయినను గ్రామీణ సామాజిక ఆరోగ్యకేంద్రములకు వలసిన నిపుణులలో నూటికి దాదాపు 80 మంది లేరని 2022 నాటి కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పినవి.

ప్రజాధనముతో చదివిన వైద్యుని పల్లెకు నిర్బంధముగా పంపుట ధర్మమా? చదువు ఋణమనియు, తీర్చితీరవలెననియు కొందఱందురు. అదే ధనముతో చదివిన ఇంజనీరును అడుగని ఋణము వైద్యుని మాత్రమేల యడుగవలెనని మఱికొందఱందురు. ఋణము కలదనియే మా యభిప్రాయము. కాని ఋణదాతకును ధర్మమున్నది. నివాసము లేక, నీరు లేక, మందులు లేక, తోడు నర్సైనను లేక యొక యువవైద్యురాలిని ఎండసీమకు పంపినచో, అది సేవ గాక దండనయగును. దండనగా వచ్చినవారు గడువెప్పుడు తీరునాయని దినములు లెక్కించుచుందురు.

ఇక మన దోషము. బిడ్డ వైద్యుడు కావలెనని కోరుదుము. పల్లెలో నుండవలెనని కోరము. పట్టణమునకో విదేశమునకో పోయినవానిని పొగడి, ఊరనే నిలిచినవానిని అసమర్థుడందుము. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తను నేటికిని స్వచ్ఛందసేవకురాలనియే వ్యవహరించుచు, ఉద్యోగికి తగిన పని చేయించుకొనుచున్నాము.

గండికోటకు సమీపమున జమ్మలమడుగులో పందొమ్మిదవ శతాబ్దిచివర లండన్ మిషనువారి వైద్యుడు క్యాంబెల్ పనిచేసెను; ఆయనపేర నాసుపత్రి వెలసినది. మతప్రచారము ఆ మిషను ఉద్దేశమనుట నిజమే. అయినను సముద్రములు దాటినవానికి కనబడిన త్రోవ కడపలో చదివినవానికి కనబడదా? అట్లని త్యాగులకై యెదురుచూచుచు కూర్చుండరాదు. ఒక త్యాగితో వచ్చినది అతనితోనే పోవచ్చును. వైద్యునికి ఇల్లు, నర్సుకు గౌరవము, ఆశాకు జీతము సమకూర్చుట ప్రభుత్వమునకును మనకును చెందిన విధి. గాదె నిండవలెనన్న పంట యింటికి చేర్చిన ప్రతివాడును తన పాలు కొలిచి పోయవలెను గదా!