దూరపు చూపు, దగ్గరి లెక్క

దూరపు కొండలు నునుపు అనే మాటను మనవాళ్లు ఎప్పుడూ హెచ్చరికగానే వాడతారు. చూసి మోసపోకు, దగ్గరికెళ్తే రాళ్లూ రప్పలే అని. పడమటి ప్రకాశంలోని మా పుల్లలచెరువులో పెరిగినవాళ్లకు ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నల్లమల ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది, ఊళ్లోంచి చూస్తే ఒకే నీలపు గీత. మేకలు తోలుకుని అడవిలోకి వెళ్లే ఒకాయన్ని చిన్నప్పుడు "ఆ కొండ ఎంత దూరం మామా?" అని అడిగితే, "కొండ దాకా ఏం దూరం లేదురా, కొండలోకి దిగినాకే దూరం" అన్నాడు. వాగులు, చరియలు, ముళ్లకంపలు, మలుపు తర్వాత మలుపు. ఆయన కాళ్లకు తెలిసిన కొండ వేరు, నా కళ్లకు కనబడే కొండ వేరు.

జామెట్రిక్ గ్రూప్ థియరీ చదవడం మొదలుపెట్టాక ఈ సామెత మీద నాకు పేచీ వచ్చింది. ఈ గణితం కావాలనే దూరం జరిగి చూస్తుంది. ఆ నునుపులోనూ ఒక నిజం ఉందని, దగ్గరే నిలబడి చూసేవాడికి అది దొరకదని రుజువు చేసి మరీ చెబుతుంది.

గణితంలో గ్రూపు అంటే కదలికల కూటమి. ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోవచ్చు, చేసినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటివి నేను ఇప్పటికీ మార్కాపురం రాతిపలక మీదే గీసుకుంటాను. పలక నిండా గళ్లు గీసి, ఒక మూల దగ్గర నిలబడ్డామనుకుందాం. తూర్పుకో, పడమరకో, ఉత్తరానికో, దక్షిణానికో ఒక అడుగు వేయొచ్చు. ఒక్క అడుగులోపు చేరగల చోట్లు, నిలబడ్డ చోటుతో కలిపి 5. రెండడుగులకు 13. పది అడుగులకు 221. తూర్పుకెళ్లి ఉత్తరానికి తిరిగినా, ఉత్తరానికెళ్లి తూర్పుకు తిరిగినా చేరేది ఒకే మూలకు కాబట్టి లెక్క అదుపులో ఉంటుంది. ఇప్పుడు ఆ ఒక్క నియమం తీసేద్దాం. వచ్చిన దారినే వెనక్కి మళ్లితే తప్ప ఏ రెండు దారులూ ఎక్కడా కలవవు అనుకుందాం. ఒక్క అడుగుకు మళ్లీ 5 చోట్లే. రెండడుగులకు 17, మూడడుగులకు 53. అప్పటికే పలక మీద గీయడానికి చోటుండదు. పది అడుగులకు 1,18,097.

మొదటి అడుగులో ఈ రెండు లోకాలకూ తేడా లేదు. గుమ్మంలో నిలబడి ఎంత శ్రద్ధగా చూసినా ఏ లోకంలో ఉన్నామో తెలియదు. అడుగులు పెరిగి, దూరం పెరిగాకే తెలుస్తుంది. వీధులకు అడ్డంగా కొత్త సందులు తెరిచినా, అడుగు కొలత మార్చినా అంకెలు మారతాయి గానీ పెరిగే తీరు మారదు. 1981లో మిహాయిల్ గ్రోమోవ్ ఇక్కడి నుంచే చాలా దూరం వెళ్లాడు. గళ్ల లోకంలా అదుపుగా పెరిగే గ్రూపు ఏదైనా సరే, దాని లోపలి నిర్మాణం మొత్తం దాదాపు క్రమం మార్చుకోగల కదలికలదేనని రుజువు చేశాడు. చోట్లు లెక్కపెట్టినంత మాత్రాన లోపలి కట్టుబాటు బయటపడుతుందని నేను ఊహించి ఉండేవాణ్ని కాదు.

ఆకారాల గణితమైన టోపాలజీతో గ్రూపుల చుట్టరికం పాతది. ఒక ఉపరితలం మీద బయల్దేరి, తిరిగి అదే చోటికి వచ్చే చుట్లన్నీ కలిసి ఒక గ్రూపవుతాయని 1895లో పోంకారే చూపించాడు. 1911లో మాక్స్ డేన్ ఇంకాస్త మొండి ప్రశ్న వేశాడు: కదలికల పొడవాటి వరస ఒకటి ఇస్తే, అది చివరికి మొదటికే తెస్తుందో లేదో చెప్పే పద్ధతి ఉందా? ఉపరితలాల గ్రూపులకు ఆయనే ఒక పద్ధతి కనిపెట్టాడు. అన్ని గ్రూపులకూ పనిచేసే పద్ధతి అసలు ఉండదని 1955లో నోవికోవ్ తేల్చాడు. డేన్ పద్ధతి ఎక్కడెక్కడ పనిచేస్తుందో ఆ గ్రూపులకు 1987లో గ్రోమోవ్ హైపర్బోలిక్ అని పేరుపెట్టి, వాటిని ఆకారంతోనే గుర్తుపట్టవచ్చన్నాడు. వాటిలో ఏ త్రిభుజం గీసినా సన్నగా, పీలగా ఉంటుంది. భుజాలెంత పొడవైనా ఒక్కో భుజం మిగతా రెండింటినీ దాదాపు అంటుకునే పోతుంది.

ఇదంతా సంతోషంగా చదువుతూ ఒక చోట ఆగిపోయాను. దూరపు చూపుకు పరిమితమైనదేదైనా ఒక చుక్కే. మాన్‌స్టర్ అనే పరిమిత గ్రూపులో ఉన్న సభ్యుల లెక్క రాయాలంటే 54 అంకెలు కావాలి. అయినా ఈ గణితం చూపులో అదీ, ఏ కదలికా లేని ఒంటరి గ్రూపూ ఒకటే. ఇందులో తప్పేమీ లేదు, ఈ శాస్త్రం ఆ ధర చెల్లించే అనంతాన్ని చూడగలుగుతోంది. కానీ మా పడమటి ప్రకాశం మనిషికి ఇది సులభంగా మింగుడుపడే మాట కాదు. మెట్ట ప్రాంతం, వెనకబడిన ప్రాంతం, వలసల ప్రాంతం అని ఒక్క మాటలో మమ్మల్ని తేల్చేసేది కూడా ఇలాంటి చూపే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన ఊళ్లు, పనికోసం తాళం పడిన ఇళ్లు, ఆ దూరం నుంచి విడివిడిగా కనబడవు. గణితంలో ఏం మరిచిపోతున్నామో నిర్వచనంలోనే రాసుకుంటారు. బయటి లోకంలో అలా రాసుకునే అలవాటు లేదు. నా బాధంతా అక్కడే.

అయితే గణితానికి రెండో చూపు కూడా ఉంది, అదీ ఇంతే లోతైనది. 5040ని తీసుకోండి. 2 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం సున్నా. శేషాలు మాత్రమే చూసేవాడికి అది సున్నాలాగే ఉంటుంది. 11తో భాగించగానే శేషం 2 వచ్చి, నేను సున్నాను కాదని బయటపడుతుంది. సున్నా కాని ప్రతి పూర్ణాంకాన్నీ ఏదో ఒక చిన్న భాజకం పట్టిస్తుంది. అనంతమైన గ్రూపును ఇలా దాని పరిమిత నీడల్లోంచి పట్టుకోవచ్చు. పరిమిత సంఖ్యలో కదలికల నుంచి పుట్టే మాత్రికల (సంఖ్యల పట్టికల) గ్రూపులన్నిటికీ ఇది కుదురుతుందని 1940లో మాల్త్సెవ్ రుజువు చేశాడు.

ఆ నీడలన్నీ శేషాల నుంచే వస్తాయా, వేరే దారిలోనూ వస్తాయా అన్నది తర్వాతి ప్రశ్న. పూర్ణాంకాలతో నింపిన 2×2 మాత్రికలకు వేరే నీడలు బోలెడున్నాయి. 3×3 నుంచి పైకి మాత్రం శేషాల నీడలే. ఈ ఫలితాన్ని ఎన్నో రకాల గ్రూపులకు విస్తరించినవాళ్లలో ముందువరసలో ఉన్నది ఎం.ఎస్. రఘునాథన్. 1941లో అనంతపురంలో తాతగారింట పుట్టాడు, తమిళ కుటుంబం, పని చేసింది బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో. ఈ సమస్య మీద ఆయన పెద్ద వ్యాసం 1976లో వచ్చింది. అంతకుముందు 1972లో లీ గ్రూపుల వివిక్త ఉపగ్రూపుల మీద రాసిన పుస్తకాన్ని ఈ రంగంలోవాళ్లు ఇప్పటికీ తెరుస్తారు. 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ భారతదేశానికి మొదటిసారి వచ్చింది, అదీ హైదరాబాద్‌కు. దాని నిర్వహణ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. అనంతపురం కూడా మాలాగే వానకోసం ఆకాశం చూసే నేల. అక్కడ పుట్టినవాడు పరిమిత నీడల లెక్క తేల్చడానికి ఏళ్లు వెచ్చించాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందానికి కారణం ఊరి అభిమానమే. దాచుకోను.

ఈ రెండు చూపులూ కలిసే చోట ఒక ప్రశ్న ఇంకా తేలకుండా ఉంది. దూరం నుంచి ఆకారం చూసి గుర్తుపట్టిన ప్రతి హైపర్బోలిక్ గ్రూపునూ దాని పరిమిత నీడల్లోంచి పూర్తిగా పట్టుకోగలమా? ఘనాలను అతికించి కట్టిన ఆకారాల మీద సరైన పద్ధతిలో కదలికలుగా పనిచేసే హైపర్బోలిక్ గ్రూపులకు కుదురుతుందని 2012లో ఇయాన్ అగోల్, డేనియల్ వైజ్ పనిని ఆధారం చేసుకుని చూపించాడు. మిగతావాటి సంగతి తెలియదు. వైజ్, ఇల్యా కపోవిచ్ 2000లో రుజువు చేసిన ఒక విషయం ఈ ప్రశ్నకు మరింత పదును పెట్టింది. మధ్యేమార్గం లేదట. అన్ని హైపర్బోలిక్ గ్రూపులూ నీడల్లో పూర్తిగా దొరుకుతాయి, లేదా ఒక్క పరిమిత నీడ కూడా పడని హైపర్బోలిక్ గ్రూపు ఎక్కడో ఒకటి ఉంటుంది. చాలామంది నిపుణుల అనుమానం రెండోదాని వైపే. నాకు మొదటిదే నిజం కావాలని ఉంది.