ముగ్గురాయి నేలలో వైద్యం: దానమా, ఋణమా?

పూర్వపు కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. బేరియం సల్ఫేటు అధికంగా ఉండే ఈ బరువైన ఖనిజపు పొడిని చమురు బావుల్లో ఒత్తిడిని అదుపుచేసే ద్రవంలో కలుపుతారు. శుద్ధిచేసిన బేరియం సల్ఫేటునే జీర్ణకోశపు ఎక్స్‌రేకు ముందు రోగిచేత తాగిస్తారు. ఎక్కడి రోగికో ఉపకరించే ఆ పదార్థం పుట్టిన నేల మీద, రాయిని పొడిచేసే మిల్లులో పనిచేసే కూలీకి ఛాతీ ఎక్స్‌రే అందడం ఒకరి దయా, లేక అతనికి రావలసిన బాకీయా అన్నది పరిపాలన కంటే ముందు ధర్మమీమాంస తేల్చవలసిన ప్రశ్న.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నాటికే క్రైస్తవ మిషన్లు క్షయరోగులకు శానిటోరియం నడిపాయి కనుక, సేవాభావంతో అందిన వైద్యాన్ని రాయలసీమలో తక్కువచేసి మాట్లాడటం కృతఘ్నతే అవుతుంది. అయినా దానంలో కాలాన్ని, పరిమాణాన్ని నిర్ణయించేది దాత. ఉచిత శిబిరం ఎత్తేశాక దగ్గు ముదిరినవాడికి నిలదీసి అడిగే హక్కు ఉండదు.

తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు మూడు ఋణాలతో పుడతాడంటే, శతపథ బ్రాహ్మణం ఆ భావాన్ని ఉనికిలో ఉన్న ప్రతివాడికీ విస్తరించి, తోటి మనుషులకు పడ్డ బాకీని నాలుగోదిగా చేర్చి, దాన్ని ఆశ్రయమిచ్చి, అన్నంపెట్టి తీర్చమంటుంది. ఈ నాలుగో ఋణమే మంగంపేటకు సరిపోయే కొలత, ఎందుకంటే ఇక్కడ అడిగేవాడు యాచకుడు కాడు, అప్పు ఇచ్చినవాడు.

అప్పు తీరితే సంబంధం ముగుస్తుంది కదా అన్న ఆక్షేపణ బలమైనదే. కానీ రాతిలో సిలికా కలిసి ఉంటే దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిల్చే మచ్చలు, అంటే సిలికోసిస్, మానవు. కనుక ఈ ఋణం చికిత్సతో తీరదు, దుమ్మును అణచడం, ఏటేటా పరీక్షించడం కూడా అందులో భాగాలే. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించి, వైద్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్లు లేదా విరమణ తరువాత 15 ఏళ్లు, ఏది తరువాత వస్తే అంతవరకు, భద్రపరచమంది. గనుల ప్రభావానికి లోనైనవారి కోసం 2015 చట్ట సవరణ జిల్లా ఖనిజ ఫౌండేషన్లను ఏర్పరచింది. అయితే మస్టరు రోల్‌లో పేరు లేకుండా కాంట్రాక్టరు కింద కొన్నాళ్లు పనిచేసి, జబ్బు బయటపడేసరికి మరో ఊళ్లో ఉన్న కూలీ విషయంలో బాకీని రుజువుచేసే భారం అతని మీద కాక, గని, మిల్లుల యాజమాన్యాల మీదా ప్రభుత్వం మీదా ఉండాలి.