అలసినవారికి పరుపులు

చదువవలసిన లేఖన భాగములు: 2 సమూయేలు 15:19-22, 16:14, 17:27-29



కన్న కుమారుడే శత్రువై తరుముచుండగా దావీదు యెరూషలేమును విడిచి, తల కప్పుకొని, పాదరక్షలు లేకుండ, ఏడ్చుచు ఒలీవ కొండ నెక్కెను. యొర్దాను దాటి అతడు మహనయీము చేరినప్పుడు ముగ్గురు మనుష్యులు అతనికి కావలసినవి తీసికొని వచ్చిరి. వారు తెచ్చిన వస్తువులను లేఖనము ఒక్కొక్కటిగా లెక్కించుచున్నది. గోధుమలు, యవలు, కాయధాన్యములు, తేనె, వెన్న, జున్ను అందులో కలవు. అయితే ఆ పట్టికలో మొదటి స్థానము ఆహారమునకు దొరకలేదు. మొదట చెప్పబడినవి పరుపులు.

ఇది గమనింపదగిన సంగతి. ఇచ్చువాడు సాధారణముగా తన కొట్టులో ఏమున్నదని చూచును. ఈ ముగ్గురు ఎదుటివారి శరీరములను చూచిరి. ఆ జనులు అరణ్యమందు ఆకలిగొని, అలసి, దప్పిగొని యుందురని ముందే తలంచిరి. అడుగక మునుపే అలసటను గుర్తించుట దాతృత్వమునకు మొదటి మెట్టు.

వీరెవరు? షోబీ అమ్మోనీయుల రబ్బా పట్టణపువాడు, అనగా అన్యుడు. లోదెబారు ఊరి మాకీరు, అంతకు పూర్వము కుంటివాడైన మెఫీబోషెతును తన యింట నుంచుకొనినవాడు. నాడు ఒక్క నిరాశ్రయునికి తెరచిన తలుపే నేడు రాజునకును తెరువబడెను. మూడవవాడు బర్జిల్లయి, ఎనుబది యేండ్ల వృద్ధుడు. యుద్ధము ముగిసిన తరువాత రాజు తనతోకూడ యెరూషలేమునకు రమ్మని పిలువగా, అతడు ఆ సన్మానమును కోరక తన ఊరికి మరలిపోవుటకు సెలవడిగెను. ప్రతిఫలము కొరకు పెట్టిన పడక కాదది.

వీరి కంటె ముందు మరియొకడున్నాడు. గిత్తీయుడైన ఇత్తయి నిన్న మొన్న వచ్చిన పరదేశి. తిరిగి పొమ్మని రాజే చెప్పినను, చావైనను బ్రదుకైనను రాజు ఉన్నచోటనే యుందునని పలికి వెంట నడిచెను. బర్జిల్లయి తనకు కలిగినదానిని ఇచ్చెను. ఇత్తయి తన్నుతానే ఇచ్చెను. పరుపులు మహనయీములో దొరకును గాని, మహనయీము వరకు నడచుటకు తోడు కావలెను.

దారిలో దావీదు, అతని జనులు బడలిక తీర్చుకొనిరని 16:14 చెప్పుచున్నది. అక్కడ హెబ్రీ భాషలోని మాటకు ఊపిరి తీసికొనుట అని భావము. ఈ క్రియ పాత నిబంధనలో మూడు చోట్ల మాత్రమే కనబడును. ఒకటి ఇది. రెండవది నిర్గమకాండము 23:12. అక్కడ ఏడవ దినమున ఊపిరి తీసికొనవలసినవారు దాసి కుమారుడును పరదేశియును. మూడవది నిర్గమకాండము 31:17. అక్కడ ఆ మాట సృష్టిని ముగించిన దేవునిగూర్చియే చెప్పబడినది. పారిపోవుచున్న రాజునకు, దాసి కుమారునికి, పరదేశికి, సృష్టికర్తకు ఒక్కటే మాట! పరదేశి తీసికొను విశ్రాంతి దేవుని విశ్రాంతిలో పాలుపంపు అని ఇంతకంటె స్పష్టముగా ఎట్లు చెప్పవలెను?

ఆ పరదేశి నేడెక్కడ నున్నాడు? సూరతు నగరమునకు దక్షిణమున, ముంబయి రైలు మార్గముమీద సచిన్ అను స్థలము కలదు. 1948 వరకు అది నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానము. నేడు బట్టలు నేయుచు, రంగులద్దుచు నుండు మిల్లులతో నిండిన పారిశ్రామికవాడ. తెలంగాణ నేత జిల్లాలనుండి మనవారు తరతరములుగా షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును వలసపోయిరి. మనవారు సాంచాలని పిలుచు మరమగ్గములయొద్ద సూరతు ప్రాంతమున పండ్రెండు గంటల షిఫ్టు సామాన్యము. ఇరుకు గదిలో పగటి షిఫ్టువాడు లేచిన చోటనే రాత్రి షిఫ్టువాడు పండుకొనుట అక్కడి వలస కూలీలకు వింత కాదు.

అట్టి గదిలో రూపాయి ఖర్చు లేని దానమొకటి కలదు. అది నిశ్శబ్దము. మేలుకొనియున్నవాడు గిన్నె చప్పుడు కాకుండ వంట చేసికొనును. ఫోను మ్రోగగా వెలుపలికి పోయి మాటలాడును. కిటికీకి గుడ్డ కట్టును. అతడు తన సహోదరునికి పరుపు తెచ్చినవాడే. పేదవాడు పేదవానికి ఇయ్యగల ఈ కానుకను పరలోకపు తండ్రి లెక్కించును.

అయితే మన సంగతి యేమి? ఆదివారమున మనము ఆరాధనకు ధరించు బట్టలలో సూరతు చీరలెన్నో కలవు. వాటిని నేసినవాని నిద్రనుగూర్చి మనమెన్నడైన తలంచితిమా? అతనికి కూలి మీటరు లెక్కన దొరకును; మగ్గము ఆగిన దినమున కూలియు ఆగును. అట్టివానికి విశ్రమించుమని బోధించుట సులభమే గాని, ఆ దినపు అన్నము ఎవరు పెట్టుదురు? బర్జిల్లయి దావీదునకు విశ్రాంతినిగూర్చి ప్రసంగము చేయలేదు. పరుపులు మోయించుకొని వచ్చెను. విశ్రాంతి ఊరక రాదు. ఎవరో ఒకరు దాని వెల చెల్లింపవలెను.

అందుచేతనే ద్వితీయోపదేశకాండము 5:14 లోని ఆజ్ఞ దాసునితో గాక యజమానునితో పలుకుచున్నది: అతనివలెనే అతని దాసుడును దాసియు విశ్రమింపవలెను. మన యింట గిన్నెలు తోమునామెకు సెలవిచ్చిన దినమున జీతము కోయుచున్నామా? దేవాలయపు కావలివాడు ఏ దినమున తన పిల్లలతో కూర్చుండును? ఆదివారమున అతిథులు భోజనముచేసి నిద్రించుచుండగా, ఇంటి యిల్లాలు సాయంత్రమువరకు పొయ్యియొద్దనే యున్నదా? ఇతరుల విశ్రాంతిని తీసికొని మనము అనుభవించునది సబ్బాతు కాదు.

ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన ప్రభువునకు తల వాల్చుకొనుటకు స్థలము లేకపోయెను. మన విశ్రాంతి వెలను ఆయనయే సిలువమీద చెల్లించెను. ఆ విశ్రాంతిని పొందినవారు దానిని తమకే దాచుకొనక, ఈ వారము అలసియున్న ఒక్కరి పేరు తలంచుకొని, వారడుగక మునుపే పరుపు తీసికొని వెళ్లుదురు గాక.

ప్రార్థన: అలసినవారి దేవా, మా విశ్రాంతికై వెల చెల్లించినందుకు నీకు స్తోత్రము. ఇంటికి దూరముగా శ్రమించు మా సహోదరులకు ఊపిరి తీసికొను వేళను, తోడు నడచు స్నేహితుని దయచేయుము. వారి అలసటను చూచు కన్నులను, మోసికొనిపోవు చేతులను మాకనుగ్రహించుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.