‘క్షమ’ అనే పదం - అప్రూవర్ సాక్ష్యం

చిలకలూరిపేట సమీపాన 1993 మార్చి 8 నాటి బస్సు దహనంలో 23 మంది మరణించారు. దోషులిద్దరి ఉరిశిక్షను రాష్ట్రపతి యావజ్జీవ శిక్షగా తగ్గించినప్పుడు ప్రతిగా ఏ వాంగ్మూలమూ కోరలేదు. అది దయ.

అప్రూవర్‌కు న్యాయస్థానమిచ్చే క్షమ వేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 306వ సెక్షన్ (నేటి నాగరిక సురక్షా సంహితలో 343) ప్రకారం నేరభాగస్వామి తనకు తెలిసినదంతా దాచకుండా, యథార్థంగా చెప్పాలి. నష్టపోయినవారి సమ్మతిని చట్టం అడగదు. తెలుగులో క్షమించడం అపకారం పొందినవారి హక్కు. దీనిని బేరమనడమే సబబు. అంతకన్నా చిక్కు 308లో ఉంది. అప్రూవర్ నిజం దాచాడని ధ్రువీకరిస్తేనే అతణ్ణి మళ్ళీ ముద్దాయిగా విచారిస్తారు. ధ్రువీకరించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఆ సాక్ష్యం కావలసిన పక్షమే. సర్వణ్ సింగ్ కేసులో (1957) సుప్రీంకోర్టు విధించిన రెండు పరీక్షలు, సాక్షి విశ్వసనీయత, ఆపై ఇతర సాక్ష్యాల బలపరింపు, ఈ బేరానికి వేసిన కళ్ళేలు.