మద్యపానము – కాయక దాసోహములకు చేటు



పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుని ఆశ్రయించిన శరణులలో హెండద మారయ్య యొకడు. కన్నడమున హెండ మనగా కల్లు. కల్లు అమ్ముట ఆతని వృత్తి. త్రాగుటకు వచ్చిన వారికి దాని కీడును బోధించి, వారిని శివభక్తికి మరలించెనని సంప్రదాయము చెప్పుచున్నది. త్రాగుబోతును దూరమున నుండి తిట్టిన వాడు కాడు మారయ్య. ఆతడు వచ్చు చోటనే నిలిచి పిలిచినవాడు.

శరణధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. చెమటోడ్చి తెచ్చినది మొదట గురు లింగ జంగమములకు అర్పితమై, పిదప ఇంటిల్లిపాదికి ప్రసాదమగును. కూలి చేతబడిన సాయంకాలమే సారా దుకాణము జొచ్చినవాడు త్రాగునది మద్యమును మాత్రమే కాదు. బిడ్డ పుస్తకములను, తల్లి మందును, ఇల్లాలి నిద్రను కూడ. కాయకము చేసియు దాసోహము లేనివాడగును. లింగమునకు అర్పింపరాని దానిని అంగమునకు ఇయ్యరాదు. నొసట విభూతియు, ఎదపై ఇష్టలింగమును ధరించి, చేత మద్యపాత్ర పట్టుట సదాచారము కానేరదు.

‘మితముగా త్రాగిన దోషమేమి?’ అని కొందరందురు. ఆరోగ్యమునకు హాని లేని మద్య పరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టపరచినది. త్రాగువాని కాలేయము తొలుత క్రొవ్వు పట్టి, పిదప వాచి, తుదకు గట్టిపడును. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయములకు క్యాన్సరు ముప్పు పెరుగును. నేటి యువకులను గంజాయి, మత్తుమాత్రలు సైతము పట్టుచున్నవి. 1985 నాటి చట్టము వానిని కఠినముగా శిక్షించుచున్నను, మత్తునకు మరగిన మనస్సును చట్టమొక్కటే మరల్పజాలదు.

ఇందుకు తెలుగునాటనే నిదర్శనము కలదు. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున, అక్షరములు నేర్చిన స్త్రీలు 1992లో సారా దుకాణముల నెదిరించిరి. ఆ జ్వాల రాష్ట్రమంతట వ్యాపించినది. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. కాని 1997లోనే ఆ సంపూర్ణ నిషేధము సడలెను. శాసనము సడలవచ్చును, దీక్ష సడలరాదు. దుకాణము మూయించునది ప్రభుత్వము. దాహము మాన్పవలసినది ఇల్లును, మఠమును.

అయితే ఇంట నొకడు వ్యసనపరుడైనచో కుటుంబము చేయునదేమి? కొందరు పరువునకు వెరచి దాచెదరు, కొందరు వెళ్లగొట్టెదరు. దాచిన రోగము ముదురును. వెళ్లగొట్టబడినవాడు దుకాణమునకే చేరును. ఇది పాపమని నిందించి విడువదగినది కాదు. చికిత్సకు లొంగు వ్యాధి. చిరకాలము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మతిభ్రమ, మూర్ఛ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. కావున ఒట్టు పెట్టించుటతో సరిపుచ్చక వైద్యుని చూపవలయును. వ్యసన విముక్తికై కేంద్ర ప్రభుత్వము 14446 అను ఉచిత దూరవాణిని ఏర్పరచినది. మందు వైద్యుడిచ్చును, ధైర్యము మాత్రము గురువును, జంగముడును, ఇంటివారును ఈయవలయును.

మఠాధిపతులు దీక్షా సమయమున మత్తు విసర్జన వ్రతమును చేయింతురు గాక. భక్తుల ఇండ్ల శుభకార్యములందు మద్యమునకు తావు లేకుండునుగాక. తడబడు అడుగులతో మఠద్వారమునకు వచ్చినవానిని ‘ఎవడు వీడు?’ అని అడుగక, ‘మనవాడే’ అని చేయి పట్టుకొనువాడే మారయ్యకు వారసుడు. మరలివచ్చిన ఒక్క తండ్రి వలన ఒక్క ఇంట మరల ప్రసాదము పండును. అంతకు మించిన దాసోహము వేరొకటి కలదా?