ఒకే బంతి

ధ్యానమునకు: 1 కొరింథీయులకు 11:17–34, యాకోబు 2:1–9



బీదవానికి పెట్టుట చాలునా, లేక వానితో కలిసి కూర్చుండి తినవలెనా? ఈ ప్రశ్న నేటిది కాదు. అపొస్తలుల దినములలోని రోమా పట్టణము దీనికి తన పద్ధతిలో జవాబు చెప్పినది. ఆ జవాబు సరియైనదో కాదో పరీక్షించి చూతము.

రోమా మన సీమకు బొత్తిగా తెలియని ఊరు కాదు. మొదటి శతాబ్దములో గ్రీకు భాషలో వ్రాయబడిన ఓడవర్తకుల గ్రంథమొకటి, మసాలియా అను ప్రాంతమున సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగుచున్నవని చెప్పుచున్నది. అది మన కృష్ణా ముఖద్వారపు సీమయని పండితుల అభిప్రాయము. వినుకొండలో రోమా చక్రవర్తుల బంగారు నాణెములు దొరికినవి. మన సాలెల మగ్గములకును అక్కడి ధనవంతుల పెట్టెలకును ఆనాడే సంబంధముండెను.

ఆ ధనవంతుల ఇండ్లలో విందుగదికి మూడు మంచములు వేయుదురు. మంచమునకు ముగ్గురు చొప్పున తొమ్మండుగురు ఆనుకొని భుజింతురు. బీదవారు అంతస్తు మీద అంతస్తుగా కట్టిన అద్దె మేడలలో ఇరుకు గదులలో కాపురముండిరి. ఆ మేడలు కూలుచుండుటచేత 70 అడుగులకు మించి కట్టరాదని ఔగుస్తు కైసరు ఆజ్ఞాపించెను. అనేకుల గదులలో వంటకు చోటు లేదు. రొట్టెయో, జావయో, ఉడికిన గింజలో వారి భోజనము.

నీటి సంగతియు అట్టిదే. మన సంగం జాగర్లమూడి నుండి గొట్టములద్వారా గుంటూరు పట్టణమునకు మంచినీరు పోవుట మీరెరుగుదురు. రోమాకు కూడ దూరపు ఊటలనుండి కాలువలు కట్టి నీరు తెచ్చిరి, మొదటిది క్రీ.పూ. 312లో కట్టబడినది. చక్రవర్తి సెలవు పొందిన ధనవంతుని ఇంటిలోనికి సీసపు గొట్టము వచ్చును. బీదవాడు వీధి తొట్టినుండి కడవతో ముంచుకొని మెట్లెక్కవలెను. 97వ సంవత్సరమున ఆ నీటి శాఖకు అధికారియైన ఫ్రాంటినస్ అనునతడు, దొంగతనముగా గొట్టములకు చిల్లులు పొడిచి నీరు మళ్లించుకొనువారినిగూర్చి వ్రాసియున్నాడు. కాలువ చివర పొలమున్న రైతుకు ఈ బాధ వివరింపనక్కరలేదు.

అయితే రోమా బీదలకు ఏమియు పెట్టలేదని మనము చెప్పరాదు. క్రీ.పూ. 58 నుండి పట్టణములోని పౌరులకు గోధుమలు ఊరకనే పంచిరి. ఔగుస్తు కాలమున సుమారు 2 లక్షలమంది పురుషులు నెలకు అయిదేసి కొలతలు, అనగా మన లెక్కలో సుమారు 33 కిలోలు, తీసికొనుచుండిరి. ఇదిగాక తెల్లవారగానే ఆశ్రితులు పెద్దల వాకిట చేరి దండము పెట్టి, చిన్న బుట్టెడు ఆహారమో, కొద్దిపాటి సొమ్మో పుచ్చుకొని పోవుదురు. ఆకలిగొన్నవానికి ఇది చిన్న మేలు కాదు. కడుపు కాలుచున్నవాడు మొదట కోరునది అన్నమే గాని, ప్రక్కన పీట కాదు.

కాని వాకిట నిలిచినవాడు వాకిటనే నిలిచిపోయెను. ఇచ్చిన చేయి పైన, పుచ్చుకొన్న చేయి క్రింద ఉన్నట్లే ఉండెను. విందులో ఈ భేదము బయటపడినది. చిన్న ప్లినీ అను గొప్ప ఉద్యోగస్థుడు ఒక లేఖలో, తాను వెళ్లిన విందునుగూర్చి వ్రాసెను. ఆ యజమానుడు మూడు తరగతుల ద్రాక్షారసము పెట్టించెను: మేలైనది తనకును ముఖ్యులకును, రెండవ రకము చిన్న స్నేహితులకు, మూడవ రకము దాస్యమునుండి విడుదలైనవారికి. నీవేమి చేయుదువని ప్రక్కవాడడుగగా, నేను అందరికి ఒక్కటే పెట్టుదునని ప్లినీ చెప్పెను. ఖర్చు ఎక్కువ కాదా అనగా, కాదు, నేను త్రాగునది వారు త్రాగరు, వారు త్రాగునదే నేను త్రాగుదునని జవాబిచ్చెను. బంతిలో వలపక్షము కూడదని మన పెద్దలనుమాట ఆ అన్యునికి కూడ తెలిసినది. ఎంత చక్కని జవాబు!

కాని కథ అంతటితో ముగియలేదు. ఈ ప్లినీయే సుమారు 112లో బితూనియ దేశమునకు అధిపతిగానుండి క్రైస్తవులను విచారించెను. వారు కూడుకొని సామాన్యమైన భోజనము చేయుదురని విని, నిజము తెలిసికొనుటకై, సంఘములో పరిచారకురాండ్రని పిలువబడిన ఇద్దరు దాసీలను హింసింపజేసెను. చక్రవర్తికి తానే అట్లు వ్రాసికొనెను. విడుదలైనవారికి తన బంతిలో చోటిచ్చినవాడు దాసి శరీరమును చూచి జాలిపడలేదు. అతడు దయ లేనివాడు కాడు. అతని బంతి ఒకచోట తెగిపోయినది, అంతే. మన బంతి ఎచ్చట తెగుచున్నది?

కొరింథు సంఘమును ఈ పరీక్షలో తప్పెను. కలిగినవారు ముందుగా తిని త్రాగిరి. లేనివారు ఆకలితో మిగిలిరి. దాసుడు యజమానుడు విడిచినగాని రాలేడు గదా. పౌలు వారికి చెప్పినదేమి? మిగిలినది దాచిపెట్టుడనలేదు. ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనవలెనని చెప్పెను. దానికి ధనము అక్కరలేదు. కాచుకొను ఓపిక చాలును.

మన ఊళ్లలో టీకొట్టు దగ్గర వేరు గ్లాసు పెట్టిన కాలమును మన పెద్దలు మరువలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. ఆ అవమానమెరిగిన మన మధ్యనే ఈ పేటవారు ఆ పేటవారి ఇంట తినకపోవుట, పిల్లను ఇచ్చి పుచ్చుకొనకపోవుట లేదా? కోతపండుగ విందులో తెల్లబట్టలవారికి మొదటి బంతి వేసి, నాట్లనుండి బురదకాళ్లతో వచ్చు కూలి తల్లికి అడుగంటిన అన్నము, నీళ్ల పులుసు మిగల్చుట లేదా? అందరికి ఖరీదైన వంట పెట్టలేము అందురేమో. ప్లినీ చెప్పిన ఉపాయమే చాలును: అందరికి పెట్టగలిగినదే మనమును తినవలెను. పచ్చడి మెతుకులైన నేమి?

కాబట్టి సంఘ పెద్దలారా, రాబోవు ప్రేమవిందుకు గంట కొట్టకముందు కూలికి పోయినవారు తిరిగి వచ్చిరో లేదో విచారించుడి. రానియెడల ఆకులు వేయకుడి. వారు కాళ్లు కడుగుకొని వచ్చిన పిమ్మట వారి ప్రక్కనే కూర్చుండుడి.